బతికున్నవాడి గురువారాలు

పట్నం
మార్చి 5, 2004

అమ్మా,

బతికున్న మనిషిని మన ఇంట్లో పోయినవాళ్ళ వరసలో కూర్చోబెట్టారు. ఒక రోజు కాదు, ఇరవై ఒక్క ఏళ్ళు. ఆ పని చేసింది నాయనమ్మ. చదువుతూ నీకు చలి పుడితే పొయ్యి పక్కన కూర్చుని చదువు.

ముందు నా అబద్ధం ఒప్పుకుంటాను. నర్సింగు పరీక్ష తప్పాక బట్టల కొట్లో చేరానని చెప్పాను కదా, చేరలేదు. నవంబరు నుంచి నది అవతల పచ్చ గోడ ఉన్న పిల్లల గృహంలో ఆయాగా చేస్తున్నాను. నడవలేని పిల్లలు, మాట రాని పిల్లలు, ఎవరూ వచ్చి చూడని పిల్లలు. మా అంతస్తులో ఇరవై ఎనిమిది మంది. ఆయాలం ఇద్దరం.

నిన్న కొత్త డైరెక్టరు పిలిచి, "నీ చేతిరాత బాగుంటుందట కదమ్మాయ్, వయసు దాటినవాళ్ళ పట్టీ రాసిపెట్టు" అన్నాడు. పద్దెనిమిది నిండినా ఇక్కడే ఉండిపోయినవాళ్ళు ఐదుగురు. వాళ్ళ దస్త్రాల అట్టలు చూసి పేర్లు ఎక్కిస్తున్నాను. నాలుగో అట్ట దగ్గర కలం ఆగిపోయింది.

తుర్సున్, ఇసాబెక్ కొడుకు. పుట్టింది 1983 జనవరి 19. తల్లి ఉల్కాన్. ఊరు తాష్‌కొరో.

మన ఊళ్ళో నాన్న కాక ఇంకో ఇసాబెక్ ఉన్నాడా? అతనికి ఇంకో ఉల్కాన్ ఉందా?

తుర్సున్ అన్న పేరు నాకు పాలతోపాటే తెలుసు. గురువారం పొద్దు వాలితే నాయనమ్మ నూనె కాచమనేది. పోయినవాళ్ళు ఆ వేళకు గడప దాకా వస్తారనీ, కాగిన నూనె వాసనే వాళ్ళ తిండి అనీ, అది తగలకపోతే ఆకలితో తిరిగిపోతారనీ చెప్పేది. నువ్వు ఏడు రొట్టెలు వేయించేదానివి. ముత్తాత పేరు, తాత పేరు, తరవాత్తరవాత నాన్న పేరు, అన్నిటికంటే చివర "పదకొండు రోజుల తుర్సున్". నేను అరచేతులు చాచి ఆమీన్ అనేదాన్ని. నాలుగేళ్ళప్పటినుంచి మా అన్న చావుకు ఆమీన్ అన్నానమ్మా!

నిన్ను అనడం లేదు. మొదటి బిడ్డ మన దగ్గర నాయనమ్మ సొత్తు, కన్నది నువ్వయినా. సొత్తు ఆమెదయినప్పుడు వద్దని రాసిచ్చిందీ ఆమే అయి ఉండాలి. కాళ్ళు బాగాలేవని ఇక్కడ వదిలేసి, పోయాడని నీకు చెప్పి ఉంటుంది. పంతొమ్మిదేళ్ళ కోడలివి, నమ్మావు.

నాలుగు నెలలుగా వాడికి నేనే అన్నం పెడుతున్నాను, తెలియకుండా. మూడో గది, కిటికీ పక్క మంచం. కాళ్ళు కత్తెరలా ఒకదాని మీద ఒకటి బిగుసుకుని ఉంటాయి, చేతులు లోపలికి తిరిగి ఉంటాయి. మాట లేదు. కానీ అన్నీ తెలుసు వాడికి. చెంచా వేడిగా ఉంటే కనుబొమ్మ ఎత్తుతాడు, అచ్చం నాన్నలాగే. అది నేను నాలుగు నెలలుగా చూస్తూ ఎవరిలాగో అనుకుంటున్నాను.

నాయనమ్మను అడుగు. అడిగి, ఏమందో ఉన్నదున్నట్టు రాయి.

సాల్కిన్


తాష్‌కొరో
మార్చి 12

సాల్కిన్ తల్లికి అమ్మ ముద్దులు.

ఇక్కడ అందరం బాగున్నాం. ఎర్రావు ఈనింది, మగదూడ. మీ బాబాయి ఇంటి కప్పు మంచు బరువుకి కూలింది, మనుషులెవరికీ ఏమీ కాలేదు.

బస్సు జుమాష్ నీ ఉత్తరం ఇచ్చేసరికి నాయనమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. "మనవరాలిదేనా? చదువు, గట్టిగా చదువు" అంది. ఏం చదవనే? కాగితం ముఖానికి అడ్డం పెట్టుకుని నోటికొచ్చింది చదివాను. కొట్లో నిన్ను మెచ్చుకున్నారనీ, కొత్త బూట్లు కొనుక్కున్నావనీ. "నాలుగు పేజీలూ బూట్లేనా?" అంది. బూట్లకు మడమ ఎత్తు ఎక్కువని చెప్పాను. కాసేపు ఆలోచించి, "పిల్ల ఎవణ్ణో చూసుకుంది. నువ్వు దాస్తున్నావు" అంది. అప్పట్నుంచి వచ్చినవాళ్ళందరికీ నీ పెళ్ళి సంగతి చెబుతోంది. అబ్బాయిది ఏ ఊరని మీ పిన్ని నన్ను అడిగింది.

ఇక నువ్వు రాసిన దానికి. తుర్సున్ అనే పేరు ఈ కొండల్లో రెండిళ్ళకొకడికి ఉంది. కాగితాలు రాసేవాళ్ళు ఎన్ని తప్పులు రాయరు? మీ నాన్న చావు కాగితంలో ఆయన్ను ఆడమనిషని రాశారు, మరిచిపోయావా?

పెద్దవాళ్ళు ఏం చేసినా ఆ రోజుల్నిబట్టి చేసి ఉంటారు. ఆమెకు ఎనభై రెండేళ్ళు. నేను అడగను, నువ్వూ అడగకు. నిన్ను తన పక్కలో పెట్టుకుని పెంచిన మనిషి ఆవిడ. ఆ చేతి వేడికి కదూ నువ్వు బతికావు?

ఆ పని మానెయ్యమ్మా. అవిటి పిల్లల మధ్య తిరిగే పిల్లను ఎవడు చేసుకుంటాడు? జుమాష్‌కి మొహం చూపించకుండా ఈ ఉత్తరం ఇవ్వాలి, వాడికి చెవులు పెద్దవి.

ఆ అబ్బాయి కిటికీ పక్కన అన్నావు. అక్కడ చలిగాలి కొడుతుందా? కాళ్ళకు ఏమైనా తొడుగుతారా?

మీ అమ్మ


పట్నం
మార్చి 19

అమ్మా,

అవిటి అనకు. ఆ మాట రాసిన చోట నీ ఉత్తరాన్ని కొట్టివేశాను. ఒక మాటతో మనిషిని గోడ అవతల పెట్టడం ఎట్లాగో పెద్దవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు!

కరపత్రం ఒకటి జతచేస్తున్నాను. మైరమ్‌కాన్ అని ఒకావిడ ఇక్కడ తల్లిదండ్రుల సంఘం నడుపుతోంది. ఆవిడ కూతురు మన తుర్సున్ లాంటిదే. పాత గ్రంథాలయంలో రెండు గదులు తీసుకుని, పొద్దున పిల్లల్ని తెచ్చుకుని, సాయంత్రం ఇళ్ళకు పంపుతారు. పగలంతా ఆ పిల్లలకు కాళ్ళూ చేతులూ సాగదీయడం, మింగడం, బొమ్మలు చూపించి అడగడం నేర్పుతారు. తల్లులకు కూడా నేర్పుతారు. చక్రాల కుర్చీ ఇప్పిస్తారు, పింఛను కాగితం రాసిపెడతారు. "బిడ్డను ఇంట్లో ఉంచుకోవడానికి సాయం అడగడం భిక్ష కాదు, హక్కు." ఇది మూడో పేజీ. నాకు కంఠతా వచ్చు. మా వేరా పిన్నికి కూడా వచ్చేసింది, నేను రోజూ అంటుంటే. ఆవిడ నా తోటి ఆయా, ముప్పై ఏళ్ళ సర్వీసు. నన్ను పేరు పెట్టి పిలవదు. "ఏయ్ విప్లవం! ఐదో మంచం తడిసింది, ముందు దాని హక్కు చూడు" అంటుంది.

నీ బూట్ల సంగతి చదివి నవ్వొచ్చింది. తరవాత కోపం వచ్చింది. ఇరవై ఏళ్ళుగా మన ఇంట్లో ఎదురుగా పెట్టుకున్న కాగితాన్ని ఎవరూ ఉన్నదున్నట్టు చదవలేదని.

కాగితం తప్పని అన్నావు. సరే, కాగితం వదిలెయ్యి. వాడు గురువారాలు అన్నం తినడు.

నేను నమ్మను. అటువంటివి నమ్మే మనిషిని కానని నీకు తెలుసు. గురువారం స్నానాల రోజు, అందుకని విసుగనుకున్నాను. ఈ వారం బాయిలరు పాడై స్నానాలు బుధవారమే అయిపోయాయి. గురువారం మామూలుగా గడిచింది. సాయంత్రం ఐదింటికి గిన్నె పెడితే మూతి బిగించాడు. తలను కిటికీ వైపు, మన కొండల వైపు తిప్పి, ముక్కుపుటాలు ఎగరేస్తూ గాలి పీలుస్తున్నాడు. నమిలేవాడిలా దవడ కదుపుతున్నాడు. నోట్లో ఏమీ లేదు.

"ఎన్నాళ్ళనుంచి ఇట్లా?" అని వేరా పిన్నిని అడిగాను.

"పళ్ళొచ్చినప్పట్నుంచి. పీరు సాయెబుకి గురువారం ఉపవాసం" అంది. అంటూ సిలువ గుర్తు వేసుకుంది, ఎందుకు వేసుకుందో తనకే తెలియనట్టు చెయ్యి మధ్యలో దించేసింది.

అసలు సంగతి ఇది. ఏప్రిల్ 27న కమిషన్ కూర్చుంటుంది. వయసు దాటిన ఐదుగుర్నీ కనుమ అవతల పెద్దవాళ్ళ ఆశ్రమానికి పంపించేస్తారు. అక్కడినుంచి తిరిగొచ్చినవాణ్ణి వేరా పిన్ని ముప్పై ఏళ్ళలో చూడలేదట. వాడు ఆగాలంటే దారి ఒక్కటే: వద్దని రాసిచ్చిన మనిషే స్వయంగా వచ్చి, కమిషన్ ముందు ఆ రాత వెనక్కి తీసుకోవాలి. దస్త్రం లోపలి కాగితాలు డైరెక్టరు బీరువాలో ఉన్నాయి, నాకు చూపించరు. చూడక్కర్లేదు, ఎవరో నాకు తెలుసు. నాయనమ్మను తీసుకురా. నడవలేకపోతే బస్టాండు నుంచి నేను వీపున మోసుకొస్తాను.

సాల్కిన్


తాష్‌కొరో
మార్చి 27

తల్లీ,

పండగ పూట నువ్వు లేవు. గోధుమ మొలకల సుమలక్ ఈసారి అడుగంటింది. నేనే కలుపుతూ ఎక్కడో చూస్తూ ఉండిపోయాను. మీ పిన్ని, "పట్నం అల్లుడి గురించి కలలా?" అని ఆటపట్టించింది.

నీ కరపత్రం పొయ్యి రాజెయ్యడానికి బాగుంటుందనుకున్నాను. ముందు చదివాను. తరవాత పిండి డబ్బాలో దాచాను. అందులో ఆ బొమ్మ, తల్లి వెనక కూర్చుని పిల్లాణ్ణి ఒళ్ళో ఆనించుకుని తినిపిస్తున్నది. అట్లా కూర్చోబెడితే మింగుతారా? మాకు ఎవరూ చెప్పలేదు. పదకొండు రోజులూ పాలు ముక్కులోంచి వచ్చేవి. డాక్టరమ్మ, "ఇది తాగదు, పోతుంది, నువ్వింకా చిన్నదానివి, ఇంకొకర్ని కను" అంది. "ఇది" అంది.

మొన్న గురువారం రొట్టెలు ఆరే వేయించాను. నాయనమ్మ కునుకు తీస్తోంది. పేర్లు మసీదు మొల్దోగారు చదువుతుంటే చివరిది నేను అందించాలి కదా, అందించలేదు. ఆయన నా వైపు చూశాడు. నేను నూనె వైపు చూశాను. ఆయన దువా ముగించేశాడు.

మేజోళ్ళు అల్లి పంపుతున్నాను, మన గొర్రె ఉన్నే. కొలత తెలియదు. నేను చూసినప్పుడు పాదం నా బొటనవేలంత ఉండేది. పెద్దవైతే మడిచి తొడుగు.

నాయనమ్మ ఇప్పుడు ప్రయాణం చెయ్యలేదు. ఇంకో దారి లేదా? రాసిచ్చిన మనిషి చనిపోతే ఏం చేస్తారు వాళ్ళు? అటువంటివాళ్ళు కూడా ఉంటారు కదా. అడిగి చూడు.

మీ అమ్మ


పట్నం
ఏప్రిల్ 2

అమ్మా,

నీ ఉత్తరం మొన్న బుధవారం అందింది. పక్క గదికి వెళ్ళి కూర్చుని రెండుసార్లు చదివాను. ఎందుకంటే పోయిన గురువారం, మార్చి 25న, వాడు తిన్నాడు. బార్లీ జావ, గిన్నె నిండుగా. కిటికీ వైపు తిరగలేదు. వేరా పిన్ని, "పీరు సాయెబు దీక్ష విరమించాడే!" అని అందరికీ చెప్పుకుంటూ తిరిగింది. ఆ రోజే నువ్వు పేరు అందించలేదని నాకప్పటికి తెలియదు. వాడికి ఎట్లా తెలుసు?

నిన్న మళ్ళీ ముట్టలేదు. ఐదింటికి తల తిప్పేశాడు. నిన్న మీరు పేరు చెప్పారా? నిజం రాయి. చెప్పలేదని రాస్తే నేను ఊపిరి పీల్చుకుంటాను, కాకతాళీయమని కొట్టేస్తాను.

ఇంకొకటి కూడా రాయాలి. రాయకపోతే నేను కూడా కాగితం అడ్డం పెట్టుకున్నదాన్నే అవుతాను. సోమవారం వేరా పిన్నికి జ్వరం, రాలేదు. ఇరవై ఎనిమిది మందికి నేనొక్కదాన్ని. మధ్యాహ్నానికి ఇద్దరు వాంతులు చేసుకున్నారు, ఒకమ్మాయి తల గోడకేసి కొట్టుకుంటోంది. తుర్సున్ చేతులు విసురుతుంటే జావ గిన్నెలు రెండు పోయాయి. నేను వాడి మణికట్లు దుప్పటి గుడ్డతో మంచానికి కట్టేశాను. ఇక్కడ అందరూ కడతారు. ఆ పద్ధతి మీద నేను డైరెక్టరుకు మూడు ఫిర్యాదులు రాశాను. ముడి కూడా నాకు ఎవరూ నేర్పలేదు, చూసి వచ్చేసింది. సాయంత్రం దాకా విప్పడం మరిచిపోయాను. విప్పేటప్పుడు వాడు నా మొహంలోకి చూశాడు. కోపంగా చూస్తే బాగుండేది.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు, తెల్లారాక కోపం వచ్చింది. నా మీద వచ్చిన కోపం ఎక్కడికి పోవాలి? మొదట వాణ్ణి ఇక్కడ పడేసిన మనిషి దగ్గరికే పోవాలి. అందుకని నాయనమ్మకు నేరుగా రాశాను. నువ్వు మళ్ళీ బూట్లు చదవకుండా, బీపీ చూడ్డానికి వచ్చే నర్సు బెర్మెట్ చేతికే ఇమ్మని జుమాష్‌తో ఒట్టు వేయించుకున్నాను. అన్నీ రాశాను. కమిషన్‌లో రాసిచ్చినవాళ్ళు చనిపోతే ఏం చేస్తారో కూడా అడిగాను. ఏమీ చెయ్యరట. బస్సెక్కిస్తారట.

మేజోళ్ళు సరిపోయాయి. మడవక్కర్లేదు.

సాల్కిన్


తాష్‌కొరో
ఏప్రిల్ 9

సాల్కిన్‌కు,

ఇది చదివాక నన్ను అమ్మా అని పిలవాలో వద్దో నువ్వే చూసుకో.

ఏప్రిల్ ఒకటిన పేరు చెప్పాం. నాయనమ్మ మెలకువగా ఉంది. మొల్దోగారు ముగించబోతుంటే, "నా చిన్నోడేడి? వాణ్ణి ఆకలితో పంపిస్తారా?" అని కసిరింది. చెప్పాను. గట్టిగా చెప్పాను. నువ్వు ఊపిరి పీల్చుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

మంగళవారం బెర్మెట్ వచ్చింది. బీపీ పట్టీ నాయనమ్మ చేతికి చుట్టి, నీ ఉత్తరం విప్పి చదవడం మొదలుపెట్టింది. నేను పాలు వడకడుతున్నాను. మొదటి వాక్యానికే జల్లెడ జారింది. బెర్మెట్ కూడా సగంలో ఆగి, "అవ్వా, ఇది వేరే ఎవరికో రాసినట్టుంది" అంది.

"నాకే రాసింది. చదువు."

అయిపోయాక, "మళ్ళీ చదువు" అంది. మూడుసార్లు చదివించుకుంది. పట్టీ ఇంకా చేతికే ఉంది, ఊదడం బెర్మెట్ మరిచిపోయింది.

"ఉల్కాన్, ఇలా రా" అని పిలిచింది. "కూర్చో. నేను ఏ కాగితం మీద సంతకం పెట్టానే? పింఛనుకి కూడా వేలిముద్ర వేసేదాన్ని కదా నేను?"

నేను జల్లెడ తుడవడం మొదలుపెట్టాను.

"నీ నోట్లో ఏముంది, పిండా?"

అప్పుడు చెప్పాను. నీకు కూడా ఇప్పుడు చెబుతున్నాను. సంతకం నాది.

నువ్వు అనుకున్నట్టు కాదమ్మా. ఆమె వాణ్ణి చూడనే లేదు. వాడు పుట్టకముందే ఊయల కట్టించి, మెత్తలు కుట్టి, వీధిలో అందరికీ చెప్పుకుంది, "నా ముసలితనానికి కోడలు కొడుకును ఇస్తోంది" అని. పెద్దామెకు ఇవ్వాల్సిన బిడ్డ. నేను పంతొమ్మిదేళ్ళదాన్ని, ఆ ఇంటికొచ్చి ఏడాది. ఆమె ఎదుట తలెత్తి మాట్లాడింది లేదు. అటువంటి బిడ్డను తీసుకెళ్ళి ఆమె ఒళ్ళో ఎట్లా పెట్టను? వంకర పోయిన గిన్నెనయినా కానుకగా ఇస్తామా? డాక్టరమ్మ కాగితం ముందు పెట్టింది, ఎక్కడ రాయాలో వేలితో చూపించింది. మీ నాన్న గోడవైపు తిరిగి నిలబడ్డాడు. బయటికొచ్చాక ఆయనే అన్నాడు, "పోయాడని చెబుదాం. నెల తిరిగేలోపు ఎట్లాగూ పోతాడు. ఒక నెల ముందు చెప్పినట్టు." పట్నంలోనే పూడ్చామని ఇంటికొచ్చి చెప్పాం. శవాన్ని తేలేదని ఆమె మీ నాన్నను మూడు నెలలు తిట్టింది. గొర్రెను కోయించింది. ఊరంతా వచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చారు. నేనూ నిజంగానే ఏడ్చాను.

నెల అయింది. ఏడాది అయింది. వాడు పోలేదు.

నువ్వు పుట్టాక, నీకు ఏడాది నిండాక, పంటినొప్పి అని చెప్పి పట్నం వచ్చాను. నువ్వు నా వీపున ఉన్నావు. ఆ పచ్చ గోడ దగ్గర ఒకావిడ నడుము మీద చేతులు పెట్టుకుని, "ఎవరు కావాలి?" అంది. చెప్పాను. లోపలికి రమ్మంది. నేను రానన్నాను. ఆవిడే వెళ్ళి వాణ్ణి ఎత్తుకొచ్చి కిటికీలో చూపించింది. వాడు నవ్వాడు. నాకని కాదు, ఎవరొచ్చినా నవ్వేటట్టు నవ్వాడు. వచ్చేశాను. ఆ రోజు గురువారం. ఇంటికొచ్చేసరికి నూనె కాగి ఉంది. తలగుడ్డ కూడా విప్పకుండా కూర్చుని ఏడూ వేయించాను.

ఎందుకని అడుగుతావు. వాడు పోయాడంటే నేను బిడ్డ పోయిన తల్లిని. వాడు ఉన్నాడంటే నేనేమిటి? దానికి మన ఊళ్ళో మాట లేదు. ఉంటే నా మొహాన అనేవాళ్ళు, అదేదో తెలిసేది. ఆ పని నాయనమ్మదేనని నువ్వు రాసిన మొదటి ఉత్తరానికే నేను కాదనొచ్చు. కాదనలేదు. ఇంకొకరి మీద ఉంటే ఎంత తేలికగా ఉందో.

నాయనమ్మ నన్ను కొట్టలేదు. బెర్మెట్ చేత పట్టీ విప్పించుకుని, "తుర్సున్ అంటే నిలవమనే అర్థం, పుట్టకముందే నేను పెట్టిన పేరు. నిలిచాడు. మీరే నిలవలేదు" అంది. తరవాత, "మొదటోడు నాది. నా బిడ్డ మీద సంతకం పెట్టడానికి నువ్వెవరివే? కాళ్ళు లేకపోతే నా చేతులున్నాయి కదా అప్పుడు! ఇప్పుడు చూడు, నా చేతులూ పోయాయి" అని వంకర తిరిగిన ఆ వేళ్ళు నా మొహం ముందు ఆడించింది.

నిన్న గురువారం నూనె కాచనివ్వలేదు. మీ తాతయ్య ఆకలితో తిరిగిపోతాడేమో అన్నాను.

"పోనీ. ఇన్నేళ్ళూ బతికినోడి వాటా కలిపి తిన్నాడు, ఒక పూట పస్తుంటే ఏం?" అంది.

నాతో మాట్లాడటం అంతే. జొన్నల సంచి దులిపి తన బట్టలు సర్దుకుంటోంది. నేను వస్తానో రానో నాకే తెలియదు తల్లీ. బస్సు దాకా వస్తాను. బస్సు ఎక్కుతాను కూడా. ఆ గోడ దగ్గర నా కాళ్ళు ఏం చేస్తాయో నాకు తెలియదు. వాడు నవ్వితే నేను ఏం చెయ్యాలి?

ఉల్కాన్


పట్నం
ఏప్రిల్ 16

అమ్మా,

అమ్మా అనే రాశాను. నాలుగు రోజులు రాయలేదు, నాలుగు కాగితాలు చింపాను. వాటిలో ఏముందో నీకు తెలుసు, నువ్వే ముందుగా రాసేశావు.

నాయనమ్మకు నేను చేసిన అన్యాయానికి ఆమె కాళ్ళు పట్టుకుంటాను, బస్టాండులోనే, అందరూ చూస్తుండగా. వేలిముద్ర సంగతి నాకు చిన్నప్పట్నుంచి తెలుసు. కోపంలో ఉన్నప్పుడు నాకు తెలిసినవే నాకు కనిపించవు. కరపత్రాల్లో దీనికి పేజీ లేదు.

నిన్ను క్షమించానని రాయలేను. అట్లాగని తిట్టడానికి మాట వెతికితే, గుడ్డ ముడి వేసిన నా చేతులు గుర్తొస్తున్నాయి. నాకు ఇరవై ఎనిమిది మంది ఉన్నారని నేను చెప్పుకున్నాను. నీకు ఒక్క డాక్టరమ్మ, ఒక ఊయల. పక్కన కూర్చుని, "ఇట్లా ఆనించుకుని తాగించు" అని చెప్పే ఒక్క మనిషి ఆ పదకొండు రోజుల్లో ఉండి ఉంటే? మైరమ్‌కాన్‌ను అడిగాను. "నాకు కూడా కాగితం పెట్టారు, నా కలంలో సిరా అయిపోయింది, ఇంకో కలం తెచ్చేలోపు పాప తుమ్మింది" అంది. అంతే తేడా అట.

ఇప్పుడు విను. వాళ్ళు ఇరవై ఏడు దాకా ఆగడం లేదు. సోమవారం ఇద్దర్ని ముందే తీసుకెళ్ళారు. అందులో అనారా అని ఒకమ్మాయి, మా గది పాటగత్తె, మాట రాకపోయినా రాగం తీసేది. పగటిపూటే వ్యాను వచ్చింది. చెప్పుల జత మంచం కింద ఉండిపోయింది. మర్నాడు అన్నం బండి తోస్తూ ఆమె గిన్నె కూడా నింపాను. వేరా పిన్ని ఆ గిన్నె తీసుకుని తనే తినేసింది, నిలబడి, గోడవైపు తిరిగి. తుర్సున్‌ను కూడా ఎక్కించబోతే ఆవిడే తలుపుకు అడ్డం నిలబడింది. "వీడికి చుట్టాలున్నారు, వస్తున్నారు" అంది. "ఎవరు చెప్పారు?" అన్నాడు డైరెక్టరు. "విప్లవం చెప్పింది" అంది. ముప్పై ఏళ్ళలో ఆవిడ ఎదురు మాట్లాడటం అదే మొదలట. ఇరవై ఏడు వరకు ఆగుతానన్నాడు. ఆ తరవాత ఒక్క రోజు ఆగడు.

నిన్న గురువారం సాయంత్రం వాడు తిన్నాడు. కానీ ఇప్పుడు కిటికీ వైపు తల తిప్పడు. తలుపు వైపు చూస్తున్నాడు. తలుపు మూస్తే ఏడుస్తున్నాడు. ఎందుకో నేను ఆలోచించదలుచుకోలేదు. తలుపు తెరిచి ఉంచుతున్నాను.

వాడు నవ్వితే ఏం చెయ్యాలని అడిగావు. ఏమీ చెయ్యక్కర్లేదు. వాడు అందర్నీ చూసి నవ్వుతాడు, నిన్ను చూసి కూడా అంతే నవ్వుతాడు. నువ్వెవరో వాడికి తెలియాలంటే రోజులు పడుతుంది. ఆ రోజులు కావాలంటే సంతకం కావాలి. సంతకం నాయనమ్మ చెయ్యలేదు, నేను చెయ్యలేను. వాళ్ళ కాగితంలో ఉన్నది నీ పేరొక్కటే.

నాయనమ్మ రావాలి, ఆమె మొదటి బిడ్డ. బాబాయి రావాలి, మోయడానికి. బెర్మెట్ రావాలి, ఊళ్ళో వాడికి నర్సు ఉందని చెప్పడానికి. మొల్దోగారు రావాలి. ఇన్నేళ్ళు పోయినవాళ్ళలో చదివిన నోటితో కమిషన్ ముందు ఆ పేరు బతికినవాళ్ళలో చెప్పాలి. బూట్ల అల్లుడు ఎక్కడని అడిగితే పిన్నిని కూడా తీసుకురా, చూపిస్తాను. మైరమ్‌కాన్ తన సంఘం తల్లులు పన్నెండు మందితో వస్తోంది. పిల్లల్ని కూడా తెస్తున్నారు, కుర్చీలతో సహా. వరండా నిండిపోవాలి.

నీ పాస్‌పోర్టు, నాన్న చావు కాగితం, గ్రామ సభ ముద్ర వేసిన ఉత్తరం తెచ్చుకో. జుమాష్‌తో మాట్లాడాను. ఆ రోజు తెల్లవారి ఐదింటికే బస్సు తీస్తాడు, దారిలో ఎవరినీ ఎక్కించుకోడు. తొమ్మిదిన్నరకు వంతెన దగ్గర దింపుతాడు. గోడ దగ్గర నీకు కాళ్ళు ఆగితే ఆగనీ. వెనక నాయనమ్మ ఉంటుంది, పక్కన బాబాయి ఉంటాడు, ముందు వేరా పిన్ని తలుపు పట్టుకుని ఉంటుంది. నేను బయటికి రాను. వాణ్ణి కూర్చోబెట్టి, వెనకనుంచి ఆనించుకుని, లోపలే ఉంటాను.

ఏప్రిల్ 27, మంగళవారం. ఉదయం పది గంటలకు. కింద అంతస్తు, ఎడమ చేతివైపు రెండో గది. అక్కడ గుమాస్తా, "తుర్సున్ తరఫున ఎవరు?" అని ఒక్కసారే పిలుస్తాడు.

అందరూ రండి. పదింటికి.

సాల్కిన్